గృహ విజ్ఞానం టీచర్ల మీద పీహెచ్‌డీ: వైఖరి సర్వే చేయాలా, ప్రాక్టికల్ గంటలో వెళ్లి కూర్చోవాలా?

నూలుపోగు

అందరికీ నమస్కారం. విద్యా విభాగంలో పీహెచ్‌డీ రెండో ఏడాది. గృహ విజ్ఞాన బోధన నా రంగం. ఇందులోకి రాకముందు మూడేళ్లు అదే సబ్జెక్టు పాఠాలు చెప్పాను. ఇంకో ఆరు వారాల్లో సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఇవ్వాలి. ఒక్క చోట ఆగిపోయాను.

గైడ్ గారు "గృహ విజ్ఞాన ఉపాధ్యాయులకు వృత్తి పట్ల ఉన్న వైఖరి" మీద సర్వే చేయమంటున్నారు. ఎంతవరకు అంగీకరిస్తారో టిక్కు పెట్టే ఐదు పాయింట్ల లైకర్ట్ స్కేలు, రెండు మూడు వందల మంది టీచర్లు, గుంపుల సగటుల్లో తేడా చూసే టి-టెస్టు, అనోవా. టైముకి పూర్తవుతుంది. ఆయన నా మేలు కోరే చెబుతున్నారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ నాలుగు నెలలుగా పాత థీసిస్‌లు తిరగేస్తున్నాను. నేను చూసినవాటిలో చాలా మటుకు చివరికి ఒకే చోట తేలుతున్నాయి. వైఖరి సానుకూలంగా ఉంది, అనుభవాన్ని బట్టి గణనీయమైన తేడా లేదు, వసతులు పెంచాలి. టీచరు పిల్లల మధ్య నిలబడి ఏం చేస్తుందో మాత్రం వాటిలో కనబడదు.

పాఠం చెప్పే రోజుల్లో జరిగిందొకటి నన్ను ఇంకా వదలట్లేదు. పక్కపక్క బల్లల దగ్గర ఇద్దరు పిల్లలు ఒకే పొరపాటు చేశారు. పిండిలో నీళ్లన్నీ ఒక్కసారే పోయబోతున్నారు. ఒకరి చెయ్యి పట్టుకుని ఆపాను. రెండోవాడి పక్కనుంచి ఏమీ అనకుండా నడిచి వెళ్లిపోయాను. తర్వాత సీనియర్ టీచర్ ఒకావిడ "ఆ పిల్లాణ్ని ఎందుకు వదిలేశావు?" అని అడిగితే జవాబు తట్టలేదు. వదిలేయడమే సరైనదని మాత్రం గట్టిగా తెలుసు.

నాకు దీని మీదే పని చేయాలనుంది. ప్రాక్టికల్ గంటలో టీచరు ఏం చూస్తుంది, ఎప్పుడు కల్పించుకోవాలో ఎప్పుడు ఆగాలో దేన్ని బట్టి తేల్చుకుంటుంది? అసలు ఇది పరిశోధన ప్రశ్న అవుతుందా? అయితే ఎలా పట్టుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతబోర్డు

తల్లీ, 31 ఏళ్లు ఈ సబ్జెక్టే చెప్పి రిటైరయ్యాను. నీ ప్రశ్న చదివి రాయకుండా ఉండలేకపోయాను.

బోర్డు మీద రాస్తున్నప్పుడు నా వీపు పిల్లల వైపే ఉండేది, చెవులు మాత్రం బల్లల దగ్గర ఉండేవి. పన్నెండు కత్తులు పన్నెండు చెక్కల మీద పడుతుంటే ఒక్కోదానికి ఒక్కో లయ. అలవాటు లేని చెయ్యి టక్కు... టక్కు... అని ఆగి ఆగి వస్తుంది. దానికి భయపడనక్కర్లేదు. నెమ్మదిగా కోసేవాడి వేలు అంత సులువుగా తెగదు. అలా ఆగి ఆగి వచ్చే చప్పుడు ఉన్నట్టుండి గబగబా మారిందంటే అప్పుడు వెనక్కి తిరగాలి. పక్కవాడి గిన్నె నిండింది చూసి వీడు పోటీకి దిగాడన్నమాట. చప్పుడు పూర్తిగా ఆగిపోయినా తిరగాలి. అప్పటికే తెగి ఉంటుంది, లేదా పిల్లకి తర్వాత ఏం చేయాలో తోచక నిలబడిపోయి ఉంటుంది.

ఇది నాకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు. నేనూ నా తర్వాత వచ్చిన అమ్మాయిలకి చెప్పలేదు, చెప్పదగ్గ విషయమని తోచకపోవడం వల్ల. తనిఖీకి వచ్చినవాళ్లు రిజిస్టరు చూసేవారు, పాఠ్య పథకం చూసేవారు, సామాను లెక్క చూసేవారు. నువ్వు ఆ చెవి గురించి అడుగుతున్నావు. అడుగు తల్లీ.

సూటిమాట

నూలుపోగు గారూ, వేరే వైపు నుంచి ఒక మాట చెబుతాను, మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి కాదు. టైంటేబుల్ తయారుచేసే కమిటీల్లో కూర్చున్నవాణ్ని. ఏ సబ్జెక్టుకి ఎన్ని పీరియడ్లు అని గీసుకునేటప్పుడు మొదట కత్తిరించేది దీన్నే. అక్కడ మేమడిగే ప్రశ్న ఒకటే: దీనివల్ల పిల్లలకి ఏం వచ్చింది, చూపించగలరా? టీచరు చెవి ఎంత సూక్ష్మమైనదో వింటే నాకూ బాగుంటుంది, కానీ దాంతో ఒక్క పీరియడ్ కూడా నిలబెట్టలేను.

2010లో ఆలిస్ లిక్టెన్‌స్టైన్, డేవిడ్ లడ్విగ్ అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో గృహ విజ్ఞాన బోధనను మళ్లీ తీసుకురావాలని రాశారు. పిల్లల్లో ఊబకాయం పెరుగుతోంది, వంట తెలియని తరం వస్తోంది, బడిలోనే నేర్పాలి అన్నది వాళ్ల వాదన. డాక్టర్లు, పోషకాహార నిపుణులు అలా అడిగితే కమిటీలు వింటాయి. మీ రంగంవాళ్లు అలాంటి ఫలితాల మీద పరిశోధన చేస్తే సబ్జెక్టుకే మేలు జరుగుతుంది కదా?

లెక్కల_బడి

సూటిమాట గారి ప్రశ్న న్యాయమైనదే. కానీ "ఏం వచ్చింది" అన్నదాన్ని ఎక్కడ కొలుస్తామన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. నాది గణిత విద్య. మా రంగంలో ఒక పని దీన్ని తేటతెల్లం చేసింది.

జీన్ లేవ్ అనే మానవ శాస్త్రవేత్త బృందం కాలిఫోర్నియాలో సూపర్‌మార్కెట్‌కి వెళ్లేవాళ్ల వెంట నడిచి, వాళ్లు ఏ సరుకు చవకో ఎలా లెక్కగడుతున్నారో చూసింది. 1988లో ఆ పుస్తకం వచ్చింది. దుకాణంలో వాళ్ల లెక్కలు 98 శాతం సరిగ్గా ఉన్నాయి. అదే మనుషులకి అలాంటి లెక్కలే కాగితం మీద పరీక్షగా ఇస్తే సగటున 59 శాతం. కాగితం ఒక్కటే చూసి ఉంటే "వీళ్లకి లెక్కలు రావు" అని రాసేసేవాళ్లం.

అదే పరిశోధనలో ఇంకో దృశ్యం ఉంది, మీ రంగానికి ఇంకా దగ్గరిది. బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన ఒకాయన కాటేజ్ చీజ్ (మెత్తటి పనీరు లాంటిది) కొలుచుకోవాలి. కార్యక్రమం అనుమతించింది కప్పులో మూడింట రెండు వంతులు, ఆ పూటకి అందులో నాలుగింట మూడు వంతులు తీసుకోవాలి. ఆయన భిన్నాల గుణకారం చేయలేదు. కప్పులో మూడింట రెండు వంతులు కొలిచి చెక్క మీద బోర్లించి, గుండ్రంగా తట్టి, దాని మీద వేలితో అడ్డంగా నిలువుగా గీత గీసి, ఒక పావు పక్కకి తీసేసి మిగతాది వడ్డించుకున్నాడు. కాగితం మీద జవాబు అర కప్పు. ఆయనకి ఆ జవాబు తెలియలేదు, తెలియాల్సిన అవసరమూ పడలేదు.

ఇప్పుడు చెప్పండి, ఆ మనిషి మీ ప్రాక్టికల్ తరగతిలో పిల్లాడైతే టీచరు అతనికి మార్కులు వేస్తుందా, కొలత కప్పు వాడలేదని మందలిస్తుందా? ఆ క్షణంలో టీచరు తీసుకునే నిర్ణయమే పిల్లాడికి "ఏం వచ్చింది" అన్నదాన్ని నిర్ణయిస్తుంది. ఫలితాల పరిశోధన అక్కర్లేదని నేననను. దానికి ముందు జరగాల్సిన పని నూలుపోగు గారు అడిగినది.

సూటిమాట

ఆ 98, 59 అంకెలు నాకు తెలియవు. ఆలోచించాల్సిన మాటే. అయినా కమిటీలో ఎవరైనా నన్ను అడిగితే, "పరీక్షలో రాకపోయినా చేతిలో ఉంది" అని చెప్పడానికి మీరు నాకు ఏదో ఒకటి ఇవ్వాలి. అంతవరకు నా ప్రశ్న నిలిచే ఉంటుంది.

చరిత్రపుట

ఈ ఇద్దరి వాదన చూస్తుంటే ఈ రంగం వందేళ్లుగా ఎక్కడ తడబడుతోందో కళ్లకు కట్టినట్టుంది. కాస్త వెనక్కి వెళ్దాం.

ఎలెన్ స్వాలో రిచర్డ్స్ 1873లో అమెరికాలోని ఎంఐటీ నుంచి పట్టా పొందిన మొదటి మహిళ. రసాయన శాస్త్రం. తర్వాత అక్కడే పారిశుద్ధ్య రసాయన శాస్త్రంలో ఇన్‌స్ట్రక్టర్‌గా చేసింది, మసాచుసెట్స్ నీటి సర్వేలో పని చేసింది. ఇంట్లోకి వచ్చే నీరు, గాలి, ఆహారం ప్రయోగశాలలో పరీక్షించదగిన విషయాలని ఆవిడ గట్టిగా నమ్మింది. 1899లో న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్‌లో మొదటి సమావేశం జరిగింది. 1908 దాకా పది సమావేశాలు. పేరేం పెట్టాలన్న దాని మీదే బోలెడంత చర్చ. గృహ శాస్త్రమా, గృహ కళలా, గృహ ఆర్థిక శాస్త్రమా? 1902లో వాళ్లు రాసుకున్న నిర్వచనం చదివితే ఆశ్చర్యమేస్తుంది. వంట, కుట్టు అన్న మాటలే లేవు. మనిషి భౌతిక పరిసరాలు ఒక వైపు, సాంఘిక జీవిగా అతని స్వభావం ఇంకో వైపు, ముఖ్యంగా ఈ రెంటికీ మధ్య ఉన్న సంబంధం, వీటి అధ్యయనం అని రాశారు. 1908 డిసెంబరు చివరి రోజుల్లో అమెరికన్ హోమ్ ఎకనామిక్స్ అసోసియేషన్ పుట్టింది, రిచర్డ్స్ మొదటి అధ్యక్షురాలు. అదే 1908లో స్విట్జర్లాండ్‌లోని ఫ్రైబర్గ్‌లో ఈ రంగపు అంతర్జాతీయ సమాఖ్య మొదలైంది.

ఆ తర్వాత డబ్బు వచ్చింది. 1917లో అమెరికాలో స్మిత్-హ్యూస్ చట్టం వృత్తి విద్య కింద ఈ సబ్జెక్టుకీ, టీచర్ల శిక్షణకీ ఫెడరల్ నిధులిచ్చింది. సబ్జెక్టు బడుల్లోకి బలంగా వెళ్లింది, నిజమే. కానీ దానితో పాటు "నైపుణ్యాలు నేర్పే సబ్జెక్టు" అన్న ముద్ర కూడా గట్టిపడింది. నిధులు తీసుకున్నవాళ్లు లెక్క చూపించాలి. ఎంతమందికి నేర్పారు, ఎన్ని గంటలు, టీచర్ల అర్హతలేంటి? నా అభిప్రాయంలో ఈ రంగపు పరిశోధన అక్కణ్నుంచే సంజాయిషీ ఇచ్చుకునే ధోరణిలో పడింది. బయటివాళ్లు అడిగినదానికి జవాబు చెప్పడానికే శక్తంతా పోయింది. తన గదిలో ఏం జరుగుతోందని తనను తాను అడిగింది తక్కువ. నూలుపోగు చూసిన వైఖరి సర్వేలన్నీ ఆ సంజాయిషీకి కొనసాగింపే.

1993లో స్కాట్స్‌డేల్‌లో కూర్చుని, 1994 నుంచి అమెరికన్లు పేరునే "కుటుంబ, వినియోగదారు శాస్త్రాలు" అని మార్చుకున్నారు. అదీ ఈ బాధలోంచి వచ్చిందే.

ఆవిరి

చరిత్రపుట గారూ, పాఠం చెప్పినట్టే రాశారు, చాలా ధన్యవాదాలు.

నేను ఈ సబ్జెక్టు చెప్పే మగ టీచరుని. నూలుపోగు అక్కా, మీ పరిశీలన గంట కొట్టగానే మొదలై గంట కొట్టగానే ముగిస్తే సగం పని మీ కళ్లపడదు. నా రోజు చెబుతాను. ప్రాక్టికల్ ఉన్నరోజు గంటన్నర ముందే వెళతాను. దినుసులు తూచి ఒక్కో బల్లకి విడిగా పెట్టాలి. ఎవరికి ఏది పడదో, ఎలర్జీల జాబితా చూసుకోవాలి. గ్యాసు ట్యూబులు, కుళాయిలు, కత్తుల లెక్క. అయ్యాక తడి గుడ్డలు ఉతికి ఆరేయాలి. సైన్సు ల్యాబులో ఈ పనికి సహాయకుడు ఉంటాడు. నాకు లేడు. టైంటేబుల్లో ఈ గంటలేవీ లేవు.

సబ్జెక్టు పుట్టిందే ఇంటి పని కంటికి కనబడేలా చేయడానికి. మార్గరెట్ రీడ్ 1934లో ఇంటి ఉత్పత్తి మీద రాసిన ఆర్థిక శాస్త్ర గ్రంథంలో ఒక కొలమానం పెట్టింది. డబ్బిచ్చి వేరేవాళ్లతో చేయించుకోగలిగిన పని ఏదైనా, ఇంట్లోవాళ్లు ఊరికే చేసినా సరే, అది ఉత్పత్తే. ఆ సూత్రం పిల్లలకి పాఠంగా చెబుతాం. చెప్పే టీచరు గుడ్డలు ఉతికిన గంట మాత్రం ఏ లెక్కలోకీ రాదు. ఈ మాట రాస్తుంటే గొంతు పట్టేస్తోంది.

ఇంకొకటి, మగపిల్లల గురించి. జపాన్‌లో చాలాకాలం హైస్కూల్లో ఇది ఆడపిల్లలకే తప్పనిసరి. మహిళల పట్ల వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని 1985లో ఆమోదించాక అలా కొనసాగించడం కుదరలేదు. 1993 నుంచి మిడిల్ స్కూల్లో, 1994 నుంచి హైస్కూల్లో అబ్బాయిలకీ అమ్మాయిలకీ కలిపి తప్పనిసరి చేశారు. స్వీడన్ ఆ పని 1962 పాఠ్యప్రణాళికతోనే చేసింది. ఫిన్లాండ్‌లో ఏడో తరగతి పిల్లలందరికీ ఉంటుంది, చెప్పేవాళ్లకి మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. చట్టం మారింది సరే, గదిలో గిన్నెలు కడిగేది ఎవరు? కలిపి కూర్చోబెట్టిన జట్టులో అబ్బాయి పొయ్యి దగ్గర, అమ్మాయి సింకు దగ్గర తేలడం నా కళ్లతో ఎన్నోసార్లు చూశాను. ఎవరూ చెప్పకుండానే అలా సర్దుకుంటారు. టీచరు దాన్ని గమనిస్తుందా, గమనిస్తే ఏం చేస్తుంది? మీ ప్రశ్నలో ఇది ఉండి తీరాలి.

పాతబోర్డు

నాయనా ఆవిరీ, గుడ్డల సంగతి నువ్వన్నాక నాకూ గుర్తొచ్చింది. 31 ఏళ్లలో ఎన్ని ఉతికానో. ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునే పని అనిపించలేదు.

గుణాత్మకం

పరిశోధన పద్ధతుల పాఠాలు చెబుతాను. పద్ధతి సంగతి కొంచెం విడమరచి రాస్తాను, ఎందుకంటే ఈ ప్రశ్న పద్ధతి దగ్గరే గెలుస్తుంది లేదా ఓడుతుంది.

మొదట, ఇది పరిశోధన ప్రశ్న అవుతుందా అంటే నిస్సందేహంగా అవుతుంది. మైకేల్ పొలానీ 1966లో అన్నది మీకు తెలిసే ఉంటుంది, మనిషికి తెలిసినది అతను చెప్పగలిగినదానికంటే ఎక్కువ. డొనాల్డ్ షోన్ 1983లో వృత్తినిపుణులు పని చేస్తూ చేస్తూనే ఆలోచిస్తారని చూపించాడు. లీ షుల్మన్ 1986లో టీచరుకి విషయ జ్ఞానం వేరు, ఆ విషయాన్ని ఎలా నేర్పాలో తెలియడం వేరు అని విడదీశాడు. వీటి తర్వాత సైన్సు, గణితం టీచర్ల మీద గుట్టలు గుట్టలుగా పని జరిగింది. పొయ్యి, కత్తి, సూది ఉన్న గదుల మీద జరిగింది దానితో పోలిస్తే చాలా తక్కువ. ఖాళీ నిజంగానే ఉంది.

పాతబోర్డు గారి చెవి సంగతే తీసుకోండి. ప్రశ్నావళిలో "నేను తరగతిలో పిల్లల భద్రతను జాగ్రత్తగా గమనిస్తాను" అని ఒక వాక్యం పెడితే ఆవిడ "పూర్తిగా అంగీకరిస్తాను" దగ్గర టిక్కు పెడతారు. ఏడాది అనుభవం ఉన్న టీచరు కూడా అక్కడే పెడుతుంది. రెండు టిక్కులూ ఒకటే. ఆ ఇద్దరి మధ్య ఉన్న తేడాయే మనకి కావాల్సింది, స్కేలు దాన్ని చెరిపేసింది. అనుభవాన్ని బట్టి తేడా లేదని తేలడానికి ఇదొక కారణం కావచ్చు. పైగా "నేను జాగ్రత్తగా ఉండను" అని ఎవరు టిక్కు పెడతారు?

మరి ఎలా పట్టుకోవాలి? వీడియో చూపించి గుర్తు చేయించే పద్ధతి ఒకటుంది. బెంజమిన్ బ్లూమ్ 1953లోనే తరగతి శబ్దం రికార్డు చేసి, విద్యార్థులకి వినిపించి, ఆ క్షణంలో మీ మనసులో ఏముందని అడిగాడు. మీరు పాఠం వీడియో తీసి, అదే రోజు, కుదరకపోతే మర్నాడు, టీచరు పక్కన కూర్చుని చూడండి. వీడియో ఆపే అధికారం ఆవిడకే ఇవ్వండి. ఆవిడ ఎక్కడ ఆపిందో అదే మొదటి డేటా.

ఇక్కడ ఒక్క జాగ్రత్త, దీన్ని మాత్రం మర్చిపోవద్దు. "ఎందుకు అలా చేశారు?" అని అడగొద్దు. అడిగితే ఎవరైనా సమర్థించుకునే కథ అల్లుతారు, తెలియకుండానే. నూలుపోగు గారూ, మీ సీనియర్ "ఎందుకు వదిలేశావు" అన్నప్పుడు మీకు జవాబు తట్టకపోవడం నిజాయితీ. "అప్పుడు ఏం చూస్తున్నారు? ఏం వినబడింది?" అని అడగండి. చూసినదాన్ని చెప్పడం సులువు. కారణం ఆ చూపులోనే దొరుకుతుంది. అప్పటి ఆలోచన, ఇప్పుడు వీడియో చూస్తుంటే వచ్చిన ఆలోచన, ఈ రెంటినీ కోడింగ్‌లో, అంటే డేటాని రకాలుగా గుర్తులు వేసి విడదీసేటప్పుడు, విడివిడిగా ఉంచండి.

ఐదారుగురు టీచర్లు, ఒక్కొక్కరివి నాలుగు ప్రాక్టికల్స్ చాలు. సగం మంది పదిహేనేళ్లు దాటినవాళ్లు, సగం మంది కొత్తవాళ్లు ఉంటే మేలు. మొదటి పాఠం వీడియో లెక్కలో వేసుకోకండి, కెమెరా చూసి అందరూ బిగుసుకుంటారు. పిల్లల తల్లిదండ్రుల సమ్మతి పత్రాలకి మీరనుకున్నదానికంటే రెండింతల సమయం పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టండి.

సమ్మతి సంగతి ఈ రంగంలో తేలిగ్గా తీసుకోకూడదు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1919లో మొదలైన అభ్యాస గృహంలో గృహ విజ్ఞాన విద్యార్థినులకి పిల్లల పెంపకం నేర్పడానికి నిజమైన పసిబిడ్డల్ని, సంక్షేమ సంస్థల నుంచి తెచ్చి, వంతులవారీగా పెంచమనేవారు. బిడ్డలకి డోమెకాన్ అని ఇంటిపేరు పెట్టేవారు, డొమెస్టిక్ ఎకానమీకి పొట్టిపేరు. అప్పట్లో అది శాస్త్రీయ పద్ధతి. ఆ బిడ్డ వైపు నుంచి ఎవరడిగారు? మీ వీడియోలో ఉండే పిల్లల విషయంలో ఆ ప్రశ్న మీరు మొదటి రోజే వేసుకోండి.

నూలుపోగు

సర్, "ఎందుకు" అని అడగొద్దన్న ఒక్క మాటతో నా ఇంటర్వ్యూ ప్రశ్నలు సగం కొట్టేశాను. ఆవిరి తమ్ముడూ, సింకు సంగతి రాసుకున్నాను.

ఒక అనుమానం. నేను కేవలం చేతి పని మీద, టెక్నిక్ మీద కూరుకుపోతున్నానా? బ్రౌన్, పావొలూచి చదువుతున్నాను, చదివేకొద్దీ భయమేస్తోంది.

చరిత్రపుట

భయపడాల్సిందే, ఆ భయం మంచిది. తెలియనివాళ్ల కోసం: మార్జొరీ బ్రౌన్, బీట్రిస్ పావొలూచి 1979లో ఈ రంగానికి కొత్త నిర్వచనం రాశారు. జర్మన్ తత్వవేత్త హేబర్మాస్ 1968లో జ్ఞానం వెనక ఉండే ప్రయోజనాలను మూడుగా చెప్పాడు. దాన్ని తీసుకుని, కుటుంబానికి కావాల్సిన చర్యలు కూడా మూడు రకాలన్నారు. పని ఎలా చేయాలన్నది ఒకటి. ఒకరినొకరు అర్థం చేసుకుని మాట్లాడుకోవడం రెండోది. అసలు ఈ పని ఇలాగే ఎందుకు జరగాలి, ఎవరి మీద భారం పడుతోంది అని ప్రశ్నించి బయటపడటం మూడోది. బళ్లలో మొదటిదొక్కటే నేర్పుతున్నారన్నది వాళ్ల విమర్శ. 2008లో అంతర్జాతీయ సమాఖ్య శతజయంతికి వెలువరించిన ప్రకటన కూడా ఈ రంగాన్ని నాలుగు చోట్ల చూడమంది. ఒక జ్ఞాన శాఖగా, రోజువారీ బతుకులో, పాఠ్యాంశంగా, సమాజ విధానాల్లో.

మీ వీడియోలో టీచరు మొదటిదాన్నే నేర్పుతోందా, మిగతా రెండూ ఎక్కడైనా తొంగిచూస్తున్నాయా? అది అడిగితే మీ థీసిస్ టెక్నిక్ దగ్గర ఆగిపోదు.

పాతబోర్డు

పెద్ద పెద్ద పుస్తకాల సంగతి నాకు తెలియదు గానీ ఆ మూడోది నా తరగతికి తనంత తనే నడిచి వచ్చింది ఒకసారి.

గుండీ కుట్టడం నేర్పుతున్నాను. కొత్తగా కుట్టేవాళ్లు దారం మరీ పొడుగు తీసుకుంటారు, సూదిలోకి మళ్లీ ఎక్కించే బాధ తప్పుతుందని. అది చుట్టుకుపోయి ముడిపడుతుంది. ఒక పిల్ల దగ్గర ముడి పడింది, పళ్లతో కొరకబోతోంది. నేను మాట్లాడకుండా దారం మోచేతి పొడుగుకి తుంచి, సూది దాని చేతిలో పెట్టాను. ఎక్కించుకుంది. రెండో గుండీకి తనే కొలుచుకుంది. అంతవరకు అది మీరన్న మొదటి రకం.

అప్పుడు ఆ పిల్ల అడిగింది, "టీచర్, గుండీ ఊడితే చొక్కా పారేసి కొత్తది కొనుక్కోవచ్చు కదా, ఇదంతా ఎందుకు?" అని. అహంకారంతో అడగలేదు, నిజంగానే అడిగింది. ఇంకా ఇరవై నిమిషాలుంది, ఎనిమిది మందికి గుండీ పూర్తికాలేదు. నేను "ముందు కుట్టు, తర్వాత చెబుతా" అన్నాను. తర్వాత చెప్పలేదు. గంట కొట్టేశారు.

ఆ ఒక్క మాటకి నేనిప్పటికీ బాధపడతాను. అందుకే, తల్లీ, టీచరు ఎప్పుడు ఆపింది, ఎప్పుడు వదిలేసింది అని చూసేటప్పుడు, ఏ ప్రశ్నని వాయిదా వేసిందో కూడా రాసుకో.

లెక్కల_బడి

పాతబోర్డు గారూ, ఇది చదివి కాసేపు ఏమీ తోచలేదు. నూలుపోగు గారూ, "వాయిదా పడిన ప్రశ్నలు" అని ఒక కోడ్ పెట్టుకోండి. గడియారం చూసి తీసుకున్న నిర్ణయాలు, పిల్లల్ని చూసి తీసుకున్న నిర్ణయాలు విడిగా లెక్కించగలిగితే, సూటిమాట గారి కమిటీకి పనికొచ్చేది కూడా అదే అవుతుంది. ఒక్క పీరియడ్‌లో ఇమడని సబ్జెక్టుని ఒక్క పీరియడ్‌లో కూరితే ఏం పోతుందో చూపించగలుగుతారు.

సూటిమాట

దీన్ని నేను ఒప్పుకుంటాను. "రెండు పీరియడ్లు వరసగా ఇస్తే వాయిదా పడే ప్రశ్నలు తగ్గాయి" అని ఒక పట్టిక ఉంటే నేను కమిటీలో పెట్టగలను. ఇంతవరకు అలాంటిది నా ముందుకు రాలేదు.

నూలుపోగు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

గైడ్ గారితో రెండుసార్లు కూర్చున్నాను. ఈ చర్చలో మాటలే చాలావరకు ఆయనకి చెప్పాను. రెండు టిక్కులూ ఒకటేనన్న ఉదాహరణ దగ్గర ఆయన చాలాసేపు ఆలోచించారు. చివరికి ఒప్పుకున్నారు, రెండు షరతులతో. కోడింగ్ నేనొక్కదాన్నే చేయకూడదు, ఇంకొకరు విడిగా చేయాలి, ఇద్దరికీ ఎంత పొత్తు కుదిరిందో కప్పా అనే గణాంక విలువతో చూపించాలి. రెండోది, టైమ్ దాటకూడదు. రెండూ న్యాయమే.

పైలట్‌గా ఒక టీచర్ తరగతిలో రెండు పాఠాలు వీడియో తీశాను. పంతొమ్మిదేళ్ల అనుభవం ఆవిడది. సాయంత్రం ఇద్దరం కూర్చుని చూశాం. నలభై నిమిషాల వీడియోలో ఆవిడ పదకొండు చోట్ల ఆపింది. నేను ముఖ్యమనుకున్న చోట ఒక్కసారి కూడా ఆపలేదు.

ఒక చోట తెర మీద ఏమీ జరగట్లేదు. ఒక అబ్బాయి గిన్నె ముందు నిలబడి ఉన్నాడు, అంతే. ఆవిడ ఆపింది. "ఇక్కడ ఏం చూశారు?" అన్నాను. "చెంచా చూడండి" అంది. చూశాను, నాకేమీ కనబడలేదు. "చెంచా గిన్నె అంచుకి ఆనించి పెట్టాడు. కలపడం ఆపేసి చూస్తున్నాడు. పిండి ఎలా ఉందో వాడే చూసుకుంటున్నాడు. ఇప్పుడు నేను వెళితే నా మొహం చూస్తాడు, పిండిని చూడడు."

అది విన్నాక నా పాత తరగతి గుర్తొచ్చింది. నేను వదిలేసిన పిల్లాడు కూడా కూజా వంచబోయి ఆగి, గిన్నెలోకి చూస్తున్నాడు. నేను ఆపినవాడు పక్క బల్ల వైపు చూస్తూ పోస్తున్నాడు. నేను చూసింది ఆ చూపుల్నే. నాలుగేళ్ల తర్వాత జవాబు దొరికింది.

సినాప్సిస్ శీర్షిక ఇలా రాసుకున్నాను: "గృహ విజ్ఞాన ప్రాక్టికల్ తరగతుల్లో ఉపాధ్యాయుల గమనింపు, జోక్యం, వాయిదా: వీడియో ఆధారిత అధ్యయనం". ఎలా ఉందో చెప్పండి.

గుణాత్మకం

బాగుంది. "జోక్యం" అంటే అడ్డుపడటమన్న అర్థం కూడా వస్తుంది, "కల్పించుకోవడం" అని పెట్టి చూడండి. మీరే మొదటి పోస్టులో వాడిన మాట అది. ఆ చెంచా భాగం మాటకి మాట రాసి భద్రపరచండి, ఫలితాల అధ్యాయం దాంతోనే మొదలవుతుంది. అయితే మీ పాత తరగతి జ్ఞాపకం ఈ వీడియో చూశాక వచ్చింది. దాన్ని డేటాగా వాడకండి, పరిశోధకురాలి నోట్స్‌లో ఉంచండి.

ఆవిరి

అక్కా, శుభాకాంక్షలు. కెమెరా ఎక్కడ పెట్టారు?

నూలుపోగు

సర్, మాట మార్చాను, జ్ఞాపకం సంగతీ అర్థమైంది. తమ్ముడూ, కెమెరా ముందు మూలలో, బల్లలన్నీ కనబడేలా పెట్టాను.

పాతబోర్డు

అయితే సింకు నీ కెమెరాకి వెనక పడిందమ్మా. చివరి పది నిమిషాలు పిల్లలంతా అక్కడే ఉంటారు.

నూలుపోగు

అవునమ్మా, ఇప్పుడే ఆ వీడియో మళ్లీ పెట్టి చూశాను. చివరి పది నిమిషాలు ఖాళీ బల్లలే ఉన్నాయి, మాటలు మాత్రం వినబడుతున్నాయి. సోమవారం పాఠానికి సింకు వైపు రెండో కెమెరా పెడతాను.